టీలో బిళ్ళ

మా ఇంట్లోకి తీపి బిళ్ళల డబ్బా తెచ్చింది నేనే, షుగర్ బయటపడిన వారంలో. టక్కున నొక్కితే చిటికెనవేలి గోరంత బిళ్ళ టీలో పడి కరిగిపోతుంది. అందులోని ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం పంచదార కన్నా సుమారు 200 రెట్లు తీపి మరి. తాగాక నాలుక మీద ఏదో వింత రుచి మిగులుతుంది, అదొక్కటే నాకు గిట్టదు.

ఇప్పుడు మా ఆవిడా వేసుకుంటోంది. తనకి షుగర్ లేదు, బరువు టెన్షన్. ఆఫీసులో అందరూ డైట్ కోలాలేనట. బరువు తగ్గడానికి ఇలాంటివి వాడొద్దని 2023లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఆ సూచన అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి కాదు. అంటే డబ్బా నాదే! చదివి వినిపించాను.

"బిళ్ళ టీ పక్కన రెండు కాజాలు లాగించేది ఎవరండీ?" అంది.

తాపేశ్వరం కాజాలు. ఏం చెప్పను!