డెలానో ద్రాక్షతోటల్లో అమ్మతో ఒక రోజు

రెండు నెలల్లో అమ్మకు గోల్డెన్ గేట్ చూపించాం, లాస్ వేగాస్ చూపించాం. అన్నీ చూసి, "పాపా, ఈడ సేద్యం యాడ చేస్తారు? అది చూపియ్యి" అంది. అమ్మ అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లు శనక్కాయ సేద్యం చేసిన మనిషి. సొంత చేను రెండెకరాలే, అందుకని మిగతా రోజులు కూలికి పోయేది.

నాకు వెంటనే డెలానో గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల ఊరు, ఏళ్లుగా వెళ్లాలనుకుంటున్నది. వ్యవసాయ కూలీల కోసం పోరాడిన నాయకురాలు డొలోరెస్ హుయెర్టా గురించి చదివినప్పటి నుంచీ.

సెప్టెంబరులో ఒకరోజు తెల్లవారుజామున ఫ్రీమాంట్‌లో బయల్దేరాం. నాలుగు గంటల దారి. ఫ్రెస్నో దాటాక 99వ నంబరు హైవేకి రెండు పక్కలా బాదం తోటలు, తర్వాత ద్రాక్ష. అమ్మ కిటికీకి అతుక్కుపోయింది. తోటలు కనిపిస్తున్నాయి గానీ మనుషులు కనిపించడం లేదని ఆమె బాధ. డెలానో దగ్గర హైవే దిగి మట్టిబాట పట్టాకే కనిపించారు. తీగల వరుసల మధ్య గొడుగులు, గొడుగుల కింద చిన్న బల్లలు. పండు కోసి, పాడైనవి తీసేసి, అక్కడికక్కడే పెట్టెల్లో సర్దుతున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. తలకు టోపీ, ముక్కూ నోరూ కనపడకుండా గుడ్డ, ఆ ఎండలో పొడుగు చేతుల చొక్కాలు. "మన మాదిరే కట్టుకున్నారే!" అంది అమ్మ.

ఊరికి పడమటి అంచున ఫార్టీ ఏకర్స్ ఉంది. పేరుకు తగ్గట్టే నలభై ఎకరాల స్థలం, వ్యవసాయ కూలీల సంఘం కట్టుకున్న చోటు. పాత పెట్రోలు బంకు, హాలు, ముసలివాళ్లయిన ఫిలిప్పీన్స్ కూలీల కోసం 1974లో కట్టిన అగ్బయానీ విలేజ్. చూడ్డానికి సాదాసీదా కట్టడాలే. లోపలికి పోలేదు, బయటే తిరిగాం. 1970 జులై 29న ద్రాక్షతోటల యజమానులు కూలీలతో ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది ఇక్కడేనని చెప్తే అమ్మ ఆ హాలు గోడను చేత్తో తాకింది.

నీడ చూసుకుని కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ అమ్మకు ఆ కథంతా చెప్పాను. 1965 సెప్టెంబర్ 8న మొదట పని ఆపింది ఫిలిప్పీన్స్ కూలీలు. ఎనిమిది రోజుల తర్వాత మెక్సికన్ కూలీల సంఘం కూడా వాళ్లతో కలిసింది. 1962లో ఆ సంఘాన్ని సీజర్ చావెజ్‌తో కలిసి మొదలుపెట్టింది డొలోరెస్. అంతకుముందు ఆమె స్టాక్టన్‌లో పంతులమ్మ. బడికి కూలీల పిల్లలు ఆకలితో, కాళ్లకు చెప్పుల్లేకుండా వస్తుంటే చూసి తట్టుకోలేకపోయింది. వాళ్లకు పాఠం చెప్పడం కన్నా వాళ్ల అమ్మానాన్నల కూలి పెంచడమే ముఖ్యమనుకుని ఉద్యోగం మానేసింది. పదకొండుమంది పిల్లల తల్లి ఆమె. పిల్లల్ని వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా వదిలి తిరుగుతోందని మాటలు కూడా పడింది. అదే పని చేసిన మగవాణ్ణి ఆ మాట ఎవరైనా అన్నారా అన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

1966లో మొదటి ఒప్పందం కోసం యజమానుల తరఫువాళ్ల ఎదురుగా కూర్చుని బేరమాడింది ఆమే. అమెరికాలో సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన 1935 చట్టం వ్యవసాయ కూలీలను వదిలేసింది. కాబట్టి ఏది సాధించినా ఇలా ఒక్కో కాగితం మీద రాయించుకోవాల్సిందే. పొలంలో చల్లటి నీళ్లు, మరుగుదొడ్డి, పురుగుమందుల మీద అదుపు, అన్నీ. ఆ తర్వాత ఆమె న్యూయార్క్ వెళ్లి ద్రాక్ష కొనొద్దని ఉద్యమం నడిపింది. ఊరూరా ఆడవాళ్లు బజార్లో ద్రాక్ష కొనకుండా ఇంటికి వెళ్లారు. 1970లో యజమానులు దిగొచ్చింది అందుకే.

జెస్సీ డి లా క్రూజ్ గురించి చెప్పినప్పుడు అమ్మ ఇంకా శ్రద్ధగా విన్నది. ఆమె తోటల్లో పనిచేసిన కూలి మనిషి, ఫ్రెస్నో వైపు తోటి ఆడవాళ్లను సంఘంలో చేర్చింది. అప్పట్లో కలుపుకు పొట్టి పిడి పార, మన తొలిక లాంటిది, ఇచ్చేవాళ్లు, రోజంతా నడుం వంగి ఉండాల్సిందే. ఆ పార వద్దని గట్టిగా మాట్లాడినవాళ్లలో జెస్సీ ఒకరు. 1975లో కాలిఫోర్నియా దాన్ని నిషేధించింది. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి నడుం నొక్కుకుంటూ, "తొలికను కూడా నిషేధించినారన్నమాట" అంది.

"సీ, సె ప్వేదె" అన్న నినాదం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాను. 1972లో అరిజోనాలో కూలీల సమ్మెలకు అడ్డుపడే చట్టం తెచ్చారు. ఇక్కడ ఏదీ కాదు అని అక్కడివాళ్లు నీరసపడితే, అవుతుంది అంటూ డొలోరెస్ అన్న మాట అది. చాలామంది ఆ మాట చావెజ్‌దే అనుకున్నారు. 2012లో ఆమెకు మెడల్ ఇస్తూ ఒబామా, తన ఎన్నికల నినాదం "యెస్, వీ కెన్" ఆమె నుంచి తీసుకున్నదేనని ఒప్పుకున్నారు.

తిరుగుదారిలో ఒక తోట పక్కన కారు ఆపాం. పని ముగించుకుని కొందరు ఆడవాళ్లు కార్ల దగ్గరికి వస్తున్నారు. అమ్మే ముందుకెళ్లి దండం పెట్టింది. ఒకామె ముఖం మీది గుడ్డ తీసి నవ్వింది. మెక్సికోలోని ఒహాకా నుంచి వచ్చిందట. నా వచ్చీరాని స్పానిష్, ఫోన్‌లో అనువాదం, ఇద్దరి సైగలు, అన్నీ కలిపి మాటలు నడిచాయి. ఇంటద్దె, పిల్లల చదువు, కాగితాలు లేనివాళ్ల భయం, ఆమె చెప్పినవన్నీ కష్టాలే. గెలిచిన పోరాటం పూర్తయిపోయిన పోరాటం కాదని ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

అమ్మ నా మోచెయ్యి గిల్లి, "ఆడోళ్లకీ మగోళ్లకీ కూలి ఒకటేనా, అడుగు" అంది.

అడిగాను. ఒకటేనంది. ఎనిమిది గంటలు దాటితే ఆపైన గంటకు ఒకటిన్నర రెట్ల కూలి అని కూడా చెప్పింది. వెళ్లేముందు ఒక ద్రాక్షగుత్తి అమ్మ చేతిలో పెట్టింది.

ఆ రాత్రి అమ్మ ఊరికి వీడియో కాల్ చేసింది. గోల్డెన్ గేట్ మాటే ఎత్తలేదు. "మ్మేయ్, ఈడ ఆడోళ్లకీ మగోళ్లకీ ఒకటే కూలంట!" అని పక్కింటి అత్తకు రెండుసార్లు చెప్పింది. అటునుంచి అత్త, "ఎవురు ఇప్పించినారు?" అంది.

అమ్మ ఫోన్ పక్కకు పెట్టి నన్ను అడిగింది, "పాపా, ఆ పంతులమ్మ పేరేమంటివి?"