పదేళ్ల ఎక్స్5, ఎంఎల్ కొనేముందు కింద దూరి చూడాల్సినవి

కొత్తగా ఉన్నప్పుడు యాభై లక్షలకు పైగా పలికిన బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ ఎంఎల్, ఆడి క్యూ7 ఇప్పుడు మంచి కండిషన్ ఇన్నోవా రేటుకో, అంతకంటే తక్కువకో దొరుకుతున్నాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న 2015 నాటి ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, అక్కడి బండ్లు ఎన్‌ఓసీ పట్టుకుని కరీంనగర్, వరంగల్ దాకా వస్తున్నాయి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలుపుకోకుండా రేటు చెప్పేవాళ్లే ఎక్కువ.

బండి రేటు పడింది గానీ సామాను రేటు పడలేదు. అందుకే పన్నెండు లక్షల బండి కొంటే మొదటి ఏడాదికి కనీసం మూడు లక్షలు పక్కన పెట్టుకోవాలి. కింద రాసిన ఖర్చులు హైదరాబాద్‌లో బయటి గ్యారేజీల రేట్లు, లేబర్ కలిపి, రమారమి. కంపెనీ వర్క్‌షాపులో దాదాపు రెట్టింపు అనుకోండి.

ముందు ఎయిర్ సస్పెన్షన్ సంగతి, అంటే ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగుల మీద బండి నిలబడే ఏర్పాటు. ఎక్స్5లో ఎక్కువగా వెనక రెండు చక్రాలకే ఎయిర్ స్ప్రింగులు ఉంటాయి, ఎయిర్‌మాటిక్ ఉన్న ఎంఎల్‌లో నాలుగింటికీ. రబ్బరు మడతపడే చోట పగుళ్లు వస్తాయి. మన ఎండలకు, క్వారీల దగ్గర మడతల్లో ఇరుక్కునే రాతి దుమ్ముకు ఇంకా తొందరగా వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంటే దాన్ని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. చాలామంది కాలిన కంప్రెసర్ మార్చి ఊరుకుంటారు, లీకు అలాగే ఉంటుంది, ఆరు నెలల్లో కొత్తదీ పోతుంది. కంప్రెసర్‌తో పాటు రిలే (మోటారుకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చి) కూడా మార్చాలి. కాంటాక్టులు అతుక్కుపోయిన పాత రిలే కొత్త మోటారును ఆపనివ్వదు.

చూసే పద్ధతి తేలిక. బండిని రాత్రంతా చదునైన చోట నిలపమనండి. పొద్దున స్టార్ట్ చేయకముందే చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. కుడికీ ఎడమకూ సెంటీమీటరు దాటి తేడా ఉంటే గాలి పోతున్నట్టే. తర్వాత స్టార్ట్ చేసి, బండి పైకి లేచాక సబ్బు నీళ్లు మడతల మీద, పైపు జాయింట్ల మీద కొడితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనబడుతుంది. బయటి కంపెనీ వెనక స్ప్రింగు ఒక్కోటి 15 నుంచి 30 వేలు, కంప్రెసర్ 30 నుంచి 50 వేలు. ఎంఎల్ ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బరు కలిసిన సామాను) అయితే బయటిదే 40 వేలు దాటుతుంది, ఒరిజినల్ లక్ష పైమాటే.

ఎంఎల్ 350 డీజిల్‌లో ఉండే ఓఎమ్642 వీ6 ఇంజిన్ మంచిదే. దాని రోగం ఆయిల్ కూలర్ సీళ్లు. ఆ కూలర్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, టర్బో కింద కూర్చుంటుంది. సీళ్లు గట్టిపడ్డాక ఆయిల్ లోయలో నిండి, వెనక్కి జారి, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి కారుతుంది. అది చూసి క్రాంక్ వెనక సీలు పోయిందని గేర్‌బాక్సు దించేసే మెకానిక్కులు ఉన్నారు. సీలు కొత్తది పడుతుంది, లీకు ఆగదు, లేబర్ మాత్రం పోతుంది. గేర్‌బాక్సు ముట్టుకోకముందే టార్చి వేసి లోయలో తడి ఉందేమో చూడమనండి.

సీళ్ల జత వేల రూపాయలకే వస్తుంది. కానీ వాటి దాకా పోవాలంటే టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డులు అన్నీ ఊడదీయాలి. అందుకే బిల్లు 40 నుంచి 70 వేలు. మొదట్లో వచ్చిన నారింజ రంగు సీళ్లు కాకుండా, తర్వాత వచ్చిన ఊదా రంగు వైటాన్ సీళ్లే వేయించాలి. విప్పినప్పుడే ఇన్‌టేక్ స్విర్ల్ మోటారు (ఇంజిన్‌లోకి పోయే గాలి దారిలోని రెక్కలను తిప్పేది), బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి తీసే గొట్టం) సీలు చూడటం మరవొద్దు. బ్రీదర్ నుంచి జారిన ఆయిల్ ఆ మోటారు మీద పడి చెడగొడుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, "బండి గుంజుతలేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

బీఎమ్‌డబ్ల్యూలో ఇలా దాక్కునేది టైమింగ్ చైన్, అంటే క్రాంకుకు తగ్గట్టు వాల్వులను నడిపే గొలుసు. ఇంజిన్ ముందు కాకుండా వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. 2011 ముందటి రెండు లీటర్ల ఎన్47 డీజిల్‌లో దీని భయం ఎక్కువ, ఎక్స్1, ఎక్స్3లలో వచ్చింది ఇదే. ఎక్స్5 ఆరు సిలిండర్ల ఎన్57లోనూ చైన్ వెనకే గానీ తెగిన కేసులు తక్కువ. పూర్తిగా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి 1500 నుంచి 2000 ఆర్‌పీఎమ్ మధ్య పట్టి, డ్యాష్‌బోర్డు వైపు నుంచి గరగర రాపిడి వినిపిస్తుందేమో చూడాలి. వినిపిస్తే బేరం ఆపేయడమే. చైన్, గైడ్లు మార్చడానికి లక్షన్నర నుంచి రెండున్నర. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజినే పోతుంది.

2010 తర్వాతి ఎక్స్5లోని జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్సు గట్టిది. ఆయిల్ లైఫ్‌టైమ్ అని కార్ల కంపెనీ అన్నా, బాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టరు ప్లాస్టిక్ ప్యాన్‌లోనే ఉంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం కొత్తది వేయాలి. ఆయిల్ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగా లెవెల్ చూడాలి. 35 నుంచి 50 వేల పని ఇది. దీన్ని తప్పించుకుంటే వచ్చే బిల్లు లక్షల్లోనే.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ కంపెనీ సూచించిన సైజులో, ఒకే బ్రాండువి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. అరుగుదలలో తేడా ఉంటే చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) క్లచ్చిని అరగదీస్తాయి. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు కుదుపు తగిలితే అదే.

హన్మకొండ నుంచి వరంగల్ చౌరస్తా దాకా రోజూ పోయి వచ్చేవాళ్లు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి కాల్చేసే ఫిల్టరు) ఉన్న డీజిల్ కొనకపోవడమే మేలు. పొగ గొట్టం తగినంత వేడెక్కక మసి కాలదు, ఫిల్టరు మూసుకుపోతుంది. వారానికోసారైనా హైదరాబాద్ హైవే మీద అరగంట ఎనభై పైన నడపాలి. క్లీనింగుకు 10 నుంచి 20 వేలు. బొగ్గు గనుల వైపు, గోదావరిఖని, భూపాలపల్లి తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో చెప్పిన గడువులో సగానికే మార్చండి. రేడియేటరుకూ ఏసీ కండెన్సరుకూ మధ్య పేరుకున్న చెత్త కూడా ఎండాకాలం ముందే తీయించాలి.

డబ్బులిచ్చే ముందు బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే మామూలు ఓబీడీ స్కానర్ కాదు, ఆయా బ్రాండ్లకు తగిన సాఫ్ట్‌వేర్, బీఎమ్‌డబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ, ఆడికి వీసీడీఎస్ పెట్టించండి. కోడ్లన్నీ నిన్ననే చెరిపేసినట్టుంటే అనుమానించాలి. మీటరు కిలోమీటర్లు బండిలోని ఇతర మాడ్యూళ్లలోనూ (చిన్న కంప్యూటర్లు) దాగి ఉంటాయి, అవి సరిపోలాలి.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగొద్దు, ముందు చక్రాలు మాత్రమే ఎత్తే బండినీ పిలవొద్దు. నాలుగు చక్రాలూ ఎక్కే ఫ్లాట్‌బెడ్డే కావాలి. గాలి దిగి కూర్చున్న బండి ఎక్కించేటప్పుడు ముందు బంపరు ర్యాంపుకు తగులుతుంది కాబట్టి చెక్కలు వేసి వాలు తగ్గించాలి. పట్టీలు చక్రాలకే బిగించాలి. బాడీకి బిగిస్తే దారిలో గాలి ఇంకాస్త దిగి పట్టీలు వదులవుతాయి.