పన్నెండున్నర

"మీ అమ్మకి బ్యాంకులో లీవులివ్వరా?" అని, మధ్యాహ్నాలు మా చిన్నదాన్ని చూసుకునే ఎదురింటి ఆంటీ దాన్ని అడిగిందట. అది అన్నంలో పెరుగు కలుపుకుంటూ ఏమీ పట్టనట్టు చెప్పింది. నువ్వేమన్నావే అంటే, "మార్చి కదా ఆంటీ, క్లోజింగ్ ఉంటది అని చెప్పిన" అంది. రెండో తరగతి పిల్లకి ఇయర్ ఎండింగ్ గురించి తెలియాల్సి రావడం ఏమిటో. పడుకుందామని లైటు ఆర్పాను కానీ ఆ మాట పోవట్లేదు. ఆంటీ మామూలుగానే అడిగి ఉంటుంది. ఆవిడ మాటల్లో ముల్లు ఉండదు. ముల్లు ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని నిద్రపోయేదాన్ని.

మార్చి 15 వస్తే ఒంటిపూట బడులు. ఎనిమిదికి మొదలు, పన్నెండున్నరకి బంద్, ఏప్రిల్ 23 దాకా ఇదే తంతు. ఆ వెంటనే మార్చి 31. ఈ రెండు తారీఖుల్నీ ఇంత దగ్గరగా పెట్టినవాళ్ళు ఎవరో గానీ వాళ్ళింట్లో బ్యాంకు ఉద్యోగం చేసే ఆడమనిషి లేదు, అంతవరకు ఖాయం. బంగారం లోన్ల రెన్యువళ్ళు, మొండి బాకీల రికవరీ, పైనుంచి పూటపూటకీ రివ్యూ కాల్స్. ఈ నెలలో లీవు అడగాలంటే ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉండాలి. "పాపని పన్నెండున్నరకి బడి నుంచి తీసుకురావాలి సార్" అనేది మా మేనేజర్ దృష్టిలో కారణం కాదు. ఆయన పిల్లలకీ ఒంటిపూట బడే. వాళ్ళు పన్నెండున్నరకి ఇంటికి ఎలా చేరుతున్నారో ఆయన ఎప్పుడైనా ఆలోచించాడా అని నాకు నిజంగానే అనుమానం.

బడివాళ్ళ సంగతి ఇంకా వింత. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరింటిదాకా పిల్లల్ని అక్కడే ఉంచుకుంటారు, దానికి వేరే ఫీజు కట్టించుకుంటారు. ఒంటిపూట మొదలవగానే అదీ బంద్. ఎందుకు అంటే ప్రభుత్వ సర్క్యులర్ చూపించారు. సర్క్యులర్‌లో ఉన్నది క్లాసుల గురించి కదండీ, నేను అడిగేది క్లాసులు కాదు కదా, ఒక గది, ఒక ఫ్యాను, ఒక ఆయమ్మ అన్నాను. స్టాఫ్ ఉండరు మేడమ్. మరి ఈ నెలన్నర ఫీజు వెనక్కిస్తారా? అది ఏడాది ప్యాకేజీ మేడమ్. ఫోన్లో వాదించే ఓపిక లేక పెట్టేశాను. పక్క వీధి డే కేర్‌లో అడిగితే ఐదేళ్ళు దాటినవాళ్ళని తీసుకోం, చిన్నపిల్లల్ని కొడతారు అంది ఆవిడ. మా చిన్నది కొట్టదండీ అనబోయి ఆగిపోయాను. గ్యారంటీ ఇవ్వలేం కదా.

ఇక ఆ వాట్సప్ గ్రూపు. పేరే "2బి మదర్స్". నాన్నలు లేరు, ఎవరూ తీసెయ్యలేదు, అసలు ఎవరూ చేర్చలేదు. పికప్ టైము మారినా, ఆటో రాకపోయినా, ఎవరి టిఫిన్ డబ్బా ఎవరి బ్యాగులోకి పోయినా మోగేది మా ఫోన్లే. మొన్న పొద్దున కౌంటర్ ముందు జనం, సర్వర్ నత్తనడక, అప్పుడు ఒకావిడ మెసేజి: "హాఫ్ డేస్ ఆర్ బ్లెస్సింగ్, పిల్లలతో క్వాలిటీ టైమ్", చివర మూడు గుండెలు. నేను ఏదో టైపు చేసి, చెరిపేసి, ఓ దండం బొమ్మ పెట్టాను. ఆవిడేం తప్పన్నది? ఆవిడకి నిజంగానే బాగుందేమో. నాకు ఆ గుండెల మీద ఎందుకంత మంట వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఆయన గురించి రాస్తే మళ్ళీ చదివి మూతి ముడుచుకుంటాడు, అయినా రాస్తాను. పాశమైలారం పారిశ్రామికవాడ నుంచి ఒకరోజు పర్మిషన్ పెట్టుకుని వచ్చి పిల్లని తీసుకొచ్చాడు. ఒక్కరోజు. వాచ్‌మన్ భార్య దగ్గర్నుంచి మూడో అంతస్తు బామ్మగారి దాకా అందరూ "సార్ ఎంత మంచోడు, డ్యూటీ ఇడిచిపెట్టి వచ్చిండు" అన్నారట. ఆ సాయంత్రం ఇంట్లో మనిషి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వాళ్ళ ఆఫీసులో కూడా "గుడ్ ఫాదర్" అన్నారట. నేను గంటసేపు పర్మిషన్ అడిగితే వచ్చే జవాబు "మళ్ళీనా?" మెచ్చుకోలు అక్కర్లేదు నాకు, ఆ "మళ్ళీ" అనే మాట లేకపోతే చాలు.

నా బాధ సరే, మా బ్రాంచిలో స్వీపర్‌గా చేసే అక్క బాధ వేరే. వాళ్ళ పాప సర్కారు బడిలో ఏడో తరగతి. ఆ బడి పదో తరగతి పరీక్షల సెంటర్ కాబట్టి పరీక్షలు జరిగినన్ని రోజులు వీళ్ళకి బడి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటిదాకా. ఎండకి భయపడి పెట్టిన ఒంటిపూట బడికి పిల్లలు నడినెత్తిన ఎండ పెట్టుకుని నడిచి వెళ్ళాలి. "పొద్దంతా ఇంట్ల ఒక్కతే ఉంటది మేడమ్, తాళం బయటి నుంచి ఏసి వస్త" అంది. అది విన్నాక నా ఫీజుల గొడవ ఎవరికీ చెప్పాలనిపించలేదు. మీకు చెబుతున్నాను గానీ.

ఏదైనా చట్టం ఉండకపోతుందా అని మధ్యాహ్నం అన్నం తింటూ వెతికాను కూడా. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలకి పెంచారు, యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే గది, అదే క్రెష్, ఉండాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చన్నారు. చదువుతుంటే కళ్ళు మెరిశాయి. మా బ్రాంచిలో అందరం కలిసినా యాభైలో సగం కూడా ఉండం, అది వదిలేయండి. ఆ క్రెష్‌ల కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు. 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ ఆరేళ్ళే ఉండేది. అంగన్‌వాడీకీ ఆరేళ్ళే. ఆరు దాటితే బడి చూసుకుంటుందని అందరి లెక్క. బడి పన్నెండున్నరకి గేటు వేసేస్తే ఆ తర్వాత ఎవరు చూసుకుంటారన్నది ఏ లెక్కలోనూ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి పిల్లల కోసం సర్వీసు మొత్తం మీద 730 రోజుల సెలవు ఉంది, వాళ్ళని చూస్తే అసూయే. వాళ్ళు అడిగితే ఎంతమందికి నిజంగా ఇస్తున్నారో అది వేరే కథ.

ఇక్కడిదాకా రాసి, ఒంటిపూట బడులు ఎత్తేయాలి అని రాయబోయాను. మా చిన్నప్పుడు ఈ గొడవే లేదు, అమ్మ ఇంట్లోనే ఉండేది కదా, బడి వదిలితే పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం, అని కూడా రాయబోయాను.

అమ్మ ఇంట్లో ఉండేది. నిజమే. కోరుట్ల దగ్గర మా ఊళ్ళో అందరి అమ్మలూ ఇంట్లోనే ఉండేవాళ్ళు, నాన్నలు దుబాయిలోనో మస్కట్‌లోనో. అమ్మలందరి ఒళ్ళోనూ చాట. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం ఉండ. బీడీలు చేసేది అమ్మ. రాత్రి ఆకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టేది, పొద్దున లేచి రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో ఒక్కో ఆకూ కోసేది, ఆ తర్వాత చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. వెయ్యి కాకపోతే కార్ఖానాలో ముఖం చిట్లిస్తారు, వెయ్యి అయినా అందులో నాసివి అని కొన్ని తీసి పక్కన పడేస్తారు, వాటికి పైసా రాదు, బీడీలు మాత్రం వెనక్కి ఇవ్వరు. మార్చిలో ఒంటిపూట బడి అంటే మాకు పండగ. బడి వదలగానే చెప్పులు చేత్తో పట్టుకుని కాదు, చెప్పులే లేకుండా, నీడ నుంచి నీడకి గెంతుతూ వచ్చేవాళ్ళం. అప్పటికి బళ్ళో వండిపెట్టే భోజనం లేదు, అది 2003లో కదా మొదలైంది, ఇంటికొచ్చి పచ్చిపులుసు పోసుకుని తినేవాళ్ళం. తిన్నాక పడుకోమని అమ్మ ఎప్పుడూ అనలేదు. "రాండ్రి, మూతులు మడువుండ్రి" అనేది.

ఇన్నాళ్ళూ నాకది తియ్యటి జ్ఞాపకమే. అరుగు మీద చెట్టు నీడలో అక్కా నేనూ మూతులు మడుస్తూ ఉంటే పక్కింటి పెద్దమ్మలు కూడా చాటలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు, రేడియోలో పాటలు, ఎవరింటి ఉత్తరం వచ్చింది, ఎవరికి డబ్బుల డ్రాఫ్టు రాలేదు అన్న కబుర్లు. అది తలుచుకుంటేనే తంబాకు ఘాటు ముక్కుకి తగులుతుంది. ఈ రాత్రి మాత్రం ఇంకోటి గుర్తొచ్చింది. ఒంటిపూట రోజుల్లో అమ్మ ఎక్కువ బీడీలు ఒప్పుకునేది. ఇంకో రెండు జతల చేతులు పన్నెండున్నరకల్లా ఇంటికొస్తాయి కాబట్టి. అమ్మ ఖాళీగా ఇంట్లో కూర్చుని మమ్మల్ని చూసుకోలేదు, మేమే వచ్చి అమ్మ పనిలో చేరాం. బీడీ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది, కార్ఖానాలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉంటే చిన్నపిల్లలకి గది ఉండాలని అందులోనూ రాశారు. అమ్మ పనిచేసింది మా అరుగు మీద. అరుగుకి గది ఎవరిస్తారు. కార్ఖానావాడికి పిల్లల గది ఖర్చు లేదు, షెడ్డు ఖర్చు లేదు, మా చేతుల కూలీ కూడా లేదు.

కాబట్టి "అప్పట్లో బాగుండేది" అన్నది కొట్టేశాను.

ఒంటిపూట ఎత్తేయాలన్నదీ కొట్టేశాను. మా బడి రేకుల షెడ్డు నాకింకా గుర్తుంది, పదకొండు దాటితే పైనుంచి సెగ దిగేది, వెనక బెంచీలో పిల్లకి ముక్కులోంచి రక్తం కారితే సారు తడిగుడ్డ పెట్టి బయట వేపచెట్టు కింద పడుకోబెట్టాడు. ఇప్పటికీ ఎన్నో బళ్ళలో అవే రేకులు. నా కూతురికి కార్పొరేట్ బిల్డింగు, ఫ్యాన్లు, ఫిల్టర్ నీళ్ళు ఉన్నాయని ఆ పిల్లలకి నాలుగింటిదాకా కూర్చోండి అని నేనెలా అంటాను. పోనీ పాఠాలు లేకుండా బళ్ళోనే ఉంచుకోమంటే టీచర్లు ఉండాలి, వాళ్ళలో సగం మంది నాలాగే పిల్లల్ని ఎక్కడో వదిలి వచ్చినవాళ్ళు. మా చిన్నదాని క్లాస్ టీచర్ ఒంటిపూట రోజుల్లో కూడా రెండింటిదాకా పేపర్లు దిద్దుతూ అక్కడే ఉంటుందట, వాళ్ళ బాబు స్టాఫ్ రూంలో బల్ల కింద పడుకుంటాడట. ఇది మా చిన్నది చెప్పిన వార్త. దాని వార్తలు సాధారణంగా నిజమే అవుతాయి.

అంటే ఆ పన్నెండున్నర తర్వాతి పూట ఎక్కడో ఒక ఆడమనిషి నెత్తినే పడుతుంది. నా నెత్తిన పడనిది ఆంటీ నెత్తిన పడింది. ఆవిడకి షుగరు, మోకాళ్ళ నొప్పులు, మధ్యాహ్నం ఓ గంట నడుం వాలిస్తే తప్ప సాయంత్రం లేవలేదు. ఆ గంటలోనే మా చిన్నది తలుపు కొడుతుంది. డబ్బు మాట ఎత్తితే "నన్ను ఆయమ్మని చేస్తావా" అంటుంది. చీర కొనిస్తే తీసుకుంటుంది, కానీ చీర ఏ లెక్కకి సరిపోతుంది? అమ్మ బీడీలకి వెయ్యికి ఇంత అని ఒక రేటైనా ఉండేది. మార్చి మధ్యాహ్నాలకి రేటు నేను ఎలా కట్టాలి? పనిమనిషిని పెట్టుకుని ఆవిడకి నెల జీతం ఇవ్వడంలో నాకే మొహమాటం లేదు, ఆంటీ దగ్గరికొచ్చేసరికి "మన అనుకున్నవాళ్ళు" అనేస్తున్నాను. మన అనుకుంటే చవక కదా.

అన్నట్టు ఇవాళ ఇద్దరూ డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టారట. పిల్ల గౌను నిండా జిగురు ఎండిపోయి అట్టలా ఉంది. "నేను పెట్టినవి చిన్నవి, ఆంటీవి పెద్దవి, కాకి వస్తే నేనే కొట్టిన" అని ఊపిరాడకుండా చెప్పింది. నేను దానికి వడియాలు పెట్టడం నేర్పేదాన్ని కాదు, నాకే రాదు. సంతోషించాను, ఆ తర్వాత కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

ఆదివారం ఆంటీతో మాట్లాడతాను. లీవు గురించి కాదు, ఆ మధ్యాహ్నం గంట గురించి. పెద్దాడు మూడింటిదాకా చెల్లెల్ని చూసుకోగలడేమో, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి వెళితే. మా ఆయన షిఫ్టు మార్చుకుంటానన్నాడు, "చూస్తా" అన్నాడు కచ్చితంగా చెప్పాలంటే. ఇదంతా ఏప్రిల్ 23 దాకానే. 24 నుంచి పూట కూడా ఉండదు, జూన్ 11 దాకా పూర్తి సెలవులు. ఇవాళే పేపర్లో పెట్టి పంచారు సమ్మర్ క్యాంపు పాంప్లెట్టు: డ్యాన్స్, డ్రాయింగ్, అబాకస్, పది నుంచి పదకొండున్నర. పదకొండున్నరకి ఎవరొచ్చి తీసుకెళ్ళాలో దాని మీద రాయలేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.