నెట్ ఫిజిక్స్: ఎలక్ట్రాన్ ఢీకొనే లెక్కల్లో స్పిన్‌ను వదలొద్దు

మిత్రులారా, నెట్ రిజల్ట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) ఖాయమైంది. అటామిక్ ఫిజిక్స్ ఎలా చదవాలని అడుగుతున్నవాళ్లకు ఒక్క టాపిక్ పట్టుకుని చెబుతాను: ఎలక్ట్రాన్ ఢీకొని పరమాణువు అయాన్ అవడం. సిలబస్‌లో ఈ పేరుతో కనిపించదు. కానీ ఐడెంటికల్ పార్టికల్స్, ఎల్-ఎస్ కప్లింగ్ (ఆర్బిటల్, స్పిన్ కోణీయ ద్రవ్యవేగాలు కలవడం), స్కాటరింగ్ మూడూ ఇక్కడే కలుస్తాయి.

బీమ్ ఎలక్ట్రాన్, హైడ్రోజన్ ఎలక్ట్రాన్ స్పిన్లు ఒకే దిక్కున ఉంటే అంతా ట్రిప్లెట్ (మొత్తం స్పిన్ 1), ఎదురెదురుగా ఉంటే సగం సింగ్లెట్ (మొత్తం స్పిన్ 0), సగం ట్రిప్లెట్. ట్రిప్లెట్ క్రాస్ సెక్షన్‌ను (అది జరిగే అవకాశానికి కొలత) సింగ్లెట్‌తో భాగిస్తే వచ్చేది ఆర్ అనుకోండి. ఎసిమెట్రీ అంటే ఎదురు స్పిన్ల ఫలితంలోంచి ఒకే దిక్కు స్పిన్ల ఫలితాన్ని తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది: (1−ఆర్)/(1+3ఆర్). ఆర్ ఎంత పెరిగినా ఇది −1/3 కంటే కిందికి దిగదు. ఆప్షన్లలో −1/2 కనిపిస్తే కొట్టేయండి. రెండు ఎలక్ట్రాన్లూ సమాన శక్తితో, బీమ్‌కు ఇరువైపులా ఒకే కోణంలో వస్తే ట్రిప్లెట్ సున్నా. బీమ్ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే అవి చోట్లు మార్చుకుంటాయి, 1ఎస్ (హైడ్రోజన్ మొదటి స్థితి) మాత్రం మారదు; ట్రిప్లెట్‌లో చోట్లు మారితే గుర్తు మారాలి, కాబట్టి సున్నాయే. ఇది చేత్తో వేసి చూడండి, చదివితే రాదు.

అసలు సంగతి జెనాన్‌లో ఉంది. 5పీ నుంచి ఒకటి ఊడితే 5పీ⁵ మిగులుతుంది. సగం కంటే ఎక్కువ నిండిన షెల్, కాబట్టి అయాన్ స్థాయిల్లో జె (మొత్తం కోణీయ ద్రవ్యవేగం)=3/2 కింద (12.13 ఈవీ), 1/2 పైన (13.44 ఈవీ). చాలామంది తలకిందులు చేసేది ఇక్కడే. 147 ఈవీ బీమ్‌లో వేగంగా పోయేదానికి 100 ఈవీ ఉంటే, రెండోదానికి 34.87 లేదా 33.56 మిగులుతుంది.

ఎగిరిపోయే ఎలక్ట్రాన్ల మీద స్పిన్-ఆర్బిట్ బలాన్ని వదిలేసినా, పోలరైజ్డ్ బీమ్‌తో (స్పిన్లు ఒక దిక్కుకు మొగ్గిన బీమ్) ఎసిమెట్రీ వస్తుంది: ఇక్కడ బీమ్ స్పిన్ పైకి, కిందికి ఉన్నప్పటి తేడా అది. ఢీకొన్నాక అయాన్ ఆర్బిటల్ కోణీయ ద్రవ్యవేగం స్కాటరింగ్ తలానికి లంబంగా ఒక వైపు మొగ్గుతుంది. జె విలువ స్పిన్‌ను దానికి కట్టేస్తుంది. ఎక్స్ఛేంజ్ (రెండు ఎలక్ట్రాన్లు చోట్లు మార్చుకోవడం) ఆ స్పిన్‌ను బయటపెడుతుంది. అందుకే జె=1/2కు వచ్చే ఎసిమెట్రీ 3/2కు వచ్చేదానికి −2 రెట్లు. వెయిట్లు 1:2, కలిపితే సున్నా. ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ఎనలైజర్ రిజల్యూషన్ 2 ఈవీ అయితే రెండు పీకులూ కలిసిపోయి ఎసిమెట్రీయే కనబడదు! జెనాన్ లాంటి బరువైన పరమాణువుల్లో ఈ −2 నిష్పత్తి సరిగ్గా రాకపోతే, పక్కన పెట్టిన ఆ స్పిన్-ఆర్బిట్ బలాన్ని గుర్తు తెచ్చుకోండి.

చివరిగా, కొలిచిన ఎసిమెట్రీని బీమ్ పోలరైజేషన్‌తో భాగించాలి. ఇలాంటి బీమ్‌ను ఇచ్చే మామూలు గాలియం ఆర్సెనైడ్‌లో రెండు స్పిన్లకూ ట్రాన్సిషన్ల నిష్పత్తి 3:1, అంటే గరిష్ఠ పోలరైజేషన్ 50 శాతం. పోలరైజేషన్ 0.3, కొలత 0.06 అయితే జవాబు 0.2. భాగించడం మరిచి 0.06 పెడితే పార్ట్ సిలో 5 మార్కులు పోవడమే కాక, ఇంకో 1.25 కోత.