ఏడో చానల్లో గరగర

మా ఇల్లు విశాఖపట్నంలో పెద వాల్తేరు వైపు, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. మేడ మీది చిన్న గదిని కొన్నేళ్ల క్రితం రికార్డింగు గదిగా మార్చుకొని, పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడే పెద్దవాళ్లను పిలిచి పాడించి, ఆ గొంతులను భద్రపరుస్తున్నాను. గదిలో ఉన్నది వేర్వేరు మైకుల శబ్దాలను సర్ది కలిపే పన్నెండు చానళ్ల అనలాగ్ మిక్సరు ఒకటి, నాలుగు మైకులు, ఒక కంప్యూటరు. ఆ మిక్సరును శుభ్రం చేయడం గురించి నేను నేర్చుకున్నదంతా గత శ్రావణమాసంలో జరిగిన ఒక నష్టంతో మొదలైంది.

డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన విజయనగరం అవతలి పల్లె నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చారు. మూడో పద్యం చివర మోహన రాగంలో ఆలాపన ఎత్తుకొని, పై షడ్జమం మీద ఊపిరి బిగబట్టి నిలిచిన క్షణంలో నా హెడ్‌ఫోన్సులో గరగరమని చప్పుడు వచ్చింది; ఆ వెంటనే ఆయన గొంతు అర సెకను పాటు పూర్తిగా మాయమై మళ్లీ వినిపించింది. నేను తలవంచుకొని సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇంకోసారి పాడమంటే పాడతాను బాబూ, ఇప్పుడొచ్చింది మాత్రం మళ్లీ రాదు" అన్నారు. రెండోసారి పాడినది బాగానే వచ్చింది కానీ, ఆయన అన్నట్టే అది వేరే ఆలాపన.

ఇలాంటి చప్పుడు రాగానే అందరి చెయ్యీ ఫేడరు మీదికే, అంటే చానలు శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట మీదికే పోతుంది. నేనూ రెండేళ్ల క్రితం అదే పని చేశాను. ఒకటో, రెండో చానళ్ల ఫేడర్లు జరిపినప్పుడల్లా చిటపటలాడుతుంటే, తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేని ఆ సందుల్లోకి కొట్టాను. వారం రోజులు వెన్నలా జారాయి. తరువాత గదిలోని దుమ్మంతా ఆ నూనెకు అంటుకొని, లోపల జిగురులా తయారై, మునుపటికంటే ఎక్కువ చప్పుడు చేశాయి. అందువల్ల ఈసారి దేన్నీ తాకకుండా, చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చుకోవడానికి ఒక సాయంత్రమంతా కేటాయించాను.

ముందుగా పెద్దాయన పాడిన ఏడో చానల్లోని మైకునూ కేబులునూ ఆరో చానల్లోకి మార్చాను. ఫాంటమ్ పవర్, అంటే మిక్సరు కేబులు గుండా పంపే 48 వోల్టుల కరెంటు, మైకుకు వెళ్తూ ఉండగా కేబులు లాగితే స్పీకర్లలో పెద్దగా ధన్‌మని మోగి వాటికే ప్రమాదం కాబట్టి, ఆ బటన్ ఆపి, కొంతసేపు ఆగాకే మార్చాను. చప్పుడు మైకుతో పాటు ఆరుకు రాలేదు, ఏడులోనే ఉండిపోయింది. తరువాత ఏడో ఫేడరును పూర్తిగా కిందికి దించి, పీఎఫ్ఎల్ బటన్ నొక్కి విన్నాను. ఆ బటన్ ఫేడరుకు వెళ్లక ముందున్న శబ్దాన్ని హెడ్‌ఫోన్సుకు ఇస్తుంది. గరగర అక్కడా వినిపించింది. అంటే తప్పు ఫేడరుది కాదు. మైకు సిగ్నలును ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ నాబ్ తిప్పితే సన్నగా బరబరమన్నది నిజమే కానీ, మా పెద్దాయన ఆలాపనను మింగిన చప్పుడు అది కాదు, ఎందుకంటే అప్పుడు నేను దేన్నీ తిప్పడం లేదు.

ఆ దశలో నాకు దారి చూపినవారు మా వీధిలోనే ఉండే ఒక మేష్టారు. రేడియో స్టేషన్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చి కూర్చొని, పది నిమిషాలు విని, "వెనక ఇన్సర్ట్ సాకెట్లు ఎప్పుడైనా వాడారా?" అని అడిగారు. ఎప్పుడూ లేదండీ అన్నాను. "చెడేది అవేనండి" అన్నారు.

ఆయన వివరించిన సంగతి ఇది. మైకు నుంచి వచ్చిన సిగ్నలు మొదటి మెట్టులో పెద్దదై, ఇన్సర్ట్ సాకెట్టు గుండా వెళ్లి, ఆ తరువాతే ఫేడరు దాకా వస్తుంది. గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసరు వంటి పరికరాన్ని మధ్యలో కలుపుకోవడానికి ఆ సాకెట్టు ఇస్తారు. అందులో ఏమీ పెట్టనప్పుడు, లోపలున్న రెండు సన్నని లోహపు రేకులు ఒకదానికొకటి ఆనుకొని సిగ్నలును ముందుకు పంపుతాయి. పిన్ను లోపలికి పోయి వస్తూ ఉంటే ఆ రేకులు రాసుకొని శుభ్రంగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఏదీ పెట్టకపోతే వాటి మీద పొర పట్టి, శబ్దం గరగరలాడి, చివరికి తెగిపోతుంది. పరీక్ష కూడా తేలికే: పిన్నులో చివర, నడుమ ఉండే రెండు కొసలనూ కలిపి టంకం పెట్టిన జాక్ పిన్ను ఒకటి ఆ సాకెట్టులో గుచ్చితే, సిగ్నలు ఆ రేకులతో పని లేకుండా పిన్ను ద్వారానే దాటిపోతుంది. మేష్టారు తన పెట్టెలోంచి అలాంటి పిన్ను తీసి ఏడో సాకెట్టులో పెట్టారు. గంటసేపు విన్నాం. ఒక్క చిటుక్కు కూడా లేదు.

మరమ్మతు అయితే అక్కడితో పూర్తయినట్టే. జాక్ పిన్నుకు కాంటాక్ట్ క్లీనర్ పలుచగా పట్టించి, పదిహేను ఇరవై సార్లు పెట్టి తీస్తే రేకులు తేరుకున్నాయి. కానీ ఒక సాకెట్టుకు జరిగినది మిగతా పదకొండింటికీ జరుగుతూ ఉంటుందని అర్థమై, మిక్సరును పూర్తిగా విప్పాలని నిశ్చయించుకున్నాను.

ప్లగ్గు తీసి ఒక రాత్రంతా వదిలేశాను, పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో కరెంటు తీసేసిన తరువాతా కొంత చార్జి నిలిచి ఉంటుంది కాబట్టి. లోపల 230 వోల్టులు వచ్చే ఆ భాగాన్ని నేను తాకనే లేదు; అది తెలిసినవాళ్లు చేయవలసిన పని. నాబులన్నిటినీ ముందు ఫోన్లో ఫొటో తీసుకొని, పక్కకు వంచకుండా నిటారుగా పైకి లాగాను. బిగుసుకున్న వాటికి కింద సన్నని గుడ్డపేలిక చుట్టి లాగితే వచ్చాయి. వాటిని సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఆ నీరు కాఫీ రంగుకు తిరిగింది. పై పలక మీది అక్షరాలు స్పిరిట్ తగిలితే చెరిగిపోవచ్చు కనుక, దాన్ని గట్టిగా పిండిన తడిగుడ్డతోనే తుడిచాను.

లోపల చూసినదాన్ని నేను మరిచిపోలేను. ఒకటో ఫేడరు నల్లని పట్టీ మీద, నేను కొట్టిన నూనె దుమ్ముతో కలిసి చిక్కని మడ్డిగా మారి ఉంది. ఆ మడ్డిలో అక్కడక్కడ ఎర్రని రేణువులు మెరుస్తున్నాయి. వేలితో తీసి వెలుతురులో చూస్తే కుంకుమ. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు మా అమ్మ మిక్సరుకు గంధం రాసి బొట్లు పెడుతుంది. ఆరిన కుంకుమ రాలి సందుల్లోంచి లోపలికి దిగింది. కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ తిరిగే సన్నని లోహపు వేళ్ల కింద ఆ పొడి పడితే, ఫేడరు జరిపిన ప్రతిసారీ దాన్ని గీరుతూ ఉంటుంది.

మెత్తని పెయింటు బ్రష్షుతోనూ, కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయరుతోనూ పొడి దుమ్మును ముందు తీసేశాను. ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ను బోర్డు దగ్గరికి రానివ్వలేదు. దాని ప్లాస్టిక్ గొట్టంలో పుట్టే స్టాటిక్ కరెంటు చిన్న ఐసీ చిప్పులను చంపగలదు. బోర్డుల మధ్య ఉన్న పట్టీ కేబుళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాను. సాకెట్లకూ కేబుల్ పిన్నులకూ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాను. మందుల షాపులో దొరికే 70 శాతం రకంలో మిగిలిన భాగం చాలావరకు నీరే. అది ఆరడానికి ఆలస్యమై, మనం వదిలించుకోవాలనుకున్న తేమనే లోపల పెడుతుంది.

ఫేడర్ల విషయంలో మాత్రం ఆల్కహాలును చేతిలోకి తీసుకోవద్దని మేష్టారు గట్టిగా చెప్పారు. ఫేడరు మెత్తగా, ఒకే బిగువుతో కదలడానికి లోపల కందెన ఉంటుంది. ఆల్కహాలు దాన్ని కడిగేస్తుంది. డీఆక్సిట్ పేరుతో వచ్చే క్లీనర్లలో డీ5 లోహపు కాంటాక్టులకు, ఎఫ్5 ఫేడర్లకు. రెండోది శుభ్రం చేయడంతో పాటు పలుచని కందెన పొరను మిగిల్చుతుంది. మిక్సరును ఏటవాలుగా నిలబెట్టి, ఒక్కో ఫేడరుకూ ఒక్క చిన్న తుంపర కొట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు ముప్పై సార్లు జరిపి, కారిన మురికిని మల్లు గుడ్డతో అద్దాను. నూనె కొట్టిన ఆ రెండు ఫేడర్లకూ మూడుసార్లు ఇలా చేయవలసి వచ్చింది. ఎక్కువ కొడితే ఎక్కువ శుభ్రమవుతుందన్న ఆశ ఇక్కడ పనికిరాదు. మిగిలిపోయిన ద్రవం పక్క భాగాల్లోకి పాకుతుంది.

సాకెట్లు అంత తొందరగా పాడవడానికి కారణం వెతికితే, అది నా అలవాటులోనే ఉంది. రికార్డింగు సాగినంతసేపూ ఏసీ నడుస్తుంది. అయిపోగానే ఏసీ ఆపి కిటికీలు తెరిచేవాణ్ణి. చల్లబడిన లోహానికి ఉప్పుతో కూడిన వెచ్చని తడిగాలి తగిలి, చల్లని గ్లాసు మీద నీళ్లు పట్టినట్టు లోపల సన్నని చెమ్మ పట్టేది. ఇప్పుడు ఏసీ ఆపిన తరువాత ముప్పావుగంట కిటికీలు తెరవను. ఆ పైన దుప్పటి వంటి నూలు గుడ్డ కప్పుతాను. ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టి తీసేశాను. నెలకోసారి పన్నెండు సాకెట్లలోనూ పిన్ను పెట్టి తీస్తాను, ప్రతి నాబునూ ఫేడరునూ ఈ చివరి నుంచి ఆ చివరికి పదేసిసార్లు తిప్పుతాను. ఇది పావుగంట పని. అమ్మతో మాట్లాడితే, మిక్సరు కింది చెక్క బల్లకు బొట్లు పెట్టడానికి సంతోషంగా ఒప్పుకుంది.

ఒక్క ఐదో చానలు మాత్రం ఇంకా లొంగలేదు. ఎంత శుభ్రం చేసినా దాని గెయిన్ నాబ్ తిప్పితే బరబరమంటూనే ఉంది. అది మురికి కాదని, శబ్దాన్ని పోనిచ్చి డీసీ కరెంటును ఆపవలసిన, ముందున్న కప్లింగ్ కెపాసిటరు అలసిపోయి, ఆ డీసీని నాబులోకి వదులుతోందని మేష్టారు మీటరు పెట్టి చూపించారు. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీలోని గుజరాతీ గల్లీలో అదే విలువ గల కెపాసిటర్లు రెండు కొని తెచ్చాను. టంకం పని ఆయన పక్కన ఉండగా నేనే చేస్తానని అడిగాను. ఈ వర్షాలు తగ్గాక చేద్దామన్నారు. అప్పటిదాకా ఐదో చానలు మీద కాగితం అంటించి ఉంచి, ఏడులోనే పాడిస్తున్నాను.