ఎడీ వెడర్ సర్ఫింగ్ చేసిన తీరం చూసొచ్చాం

పెర్ల్ జామ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పాటలు హాస్టల్ రోజుల నుంచీ వింటున్నా, అందుకే కాలిఫోర్నియాలోని శాన్ డియెగో వెళ్లినప్పుడు జూ, సీ వరల్డ్ పక్కన పెట్టి ఆ బ్యాండ్ గాయకుడు ఎడీ వెడర్ సియాటిల్ వెళ్లకముందు తిరిగిన చోట్లు చూద్దామని మా బావని ఒప్పించా.

ముందు ఎన్సినీటస్‌లో ఆగాం. ఎడీ చదివిన శాన్ డియెగిటో హైస్కూల్ ఈ ఊళ్లోనే, అప్పట్లోనే ఒక్కడే అద్దెకుంటూ రాత్రిళ్లు మందుల షాపులో పని చేసేవాడట, ఆ ఒత్తిడికి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇక్కడి సర్ఫింగ్ స్పాట్ పేరు స్వామీస్, ఎందుకంటే పైన కొండ అంచున పరమహంస యోగానంద ఆశ్రమం ఉంది, తామరమొగ్గల్లా బంగారు రంగు గోపురాలు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. మెట్లు దిగి చాలాసేపు కూర్చున్నాం. సర్ఫర్లు ఎక్కువసేపు చేసేది ఎదురుచూడటమే, బోర్డు మీద కూర్చుని సముద్రం వైపే చూస్తుంటారు, మంచి అల వస్తే కొన్ని సెకన్ల పని, మళ్లీ చేతులతో తోసుకుంటూ వెనక్కి.

తర్వాత లా హోయా. 1926లో కట్టిన లా వలెన్సియా అనే గులాబీ రంగు హోటల్లో ఎడీ సెక్యూరిటీ గార్డుగా చేశాడు, ఆ తర్వాత పెట్రోల్ బంకులో నైట్ షిఫ్ట్. 1990లో జాక్ ఐరన్స్ అనే డ్రమ్మర్ ఒక క్యాసెట్ ఇచ్చాడు, సియాటిల్ గిటారిస్ట్ స్టోన్ గోసార్డ్ వాళ్లవి, ట్యూన్లే ఉన్నాయి గొంతు లేదు. డ్యూటీలో విని, తెల్లారి సర్ఫింగ్‌కి వెళ్తే నీళ్లలోనే మాటలు తట్టాయి, ఇంటికొచ్చి మూడు పాటలు పాడి రికార్డ్ చేసి పోస్టులో పంపాడు. అక్టోబర్ 22న, తర్వాత పెర్ల్ జామ్ అయిన ఆ బ్యాండ్ మొదటి షో, తర్వాతి ఆగస్టుకి మొదటి ఆల్బమ్!

దీన్ని అదృష్టం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. రాత్రంతా ఒంటరిగా డ్యూటీ, పొద్దున్నే సముద్రం, ఇలా ఏళ్లు గడిపితేనే ఆ గొంతులో అంత బరువు వచ్చింది.

లా హోయా షోర్స్‌లో అలలు చిన్నవి, నేర్చుకునేవాళ్లంతా అక్కడే, మేమూ దిగాం. "ఇంత చల్లటి నీళ్లలో రోజూ పొద్దున్నే ఎలా దిగేవాడురా" అన్నాడు బావ, పళ్లు కొట్టుకుంటుంటే. వెళ్లేవాళ్లు మే, జూన్ వద్దు, పొద్దుటిపూట మబ్బు పట్టేసి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో నీళ్లు కాస్త నయం, అయినా వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు డ్రెస్) అద్దెకి తీసుకోండి.