జానెత్ ఎడారిలో ఏడ్చే ఆవు

జానెత్‌లో తెల్లారాక నేను గుర్తుపట్టిన మొదటి చెట్టు జిల్లేడు. గెస్ట్ హౌస్ గోడకు అవతల, ఒట్టి ఇసుకలో, బూడిద పూసినట్టుండే దళసరి ఆకులతో నడుం ఎత్తు పెరిగి ఉంది. ఆకు తుంపితే పాలు కారాయి. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి జిల్లేడును ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. రథసప్తమి నాడు తల మీద పెట్టుకుని స్నానం చేసిన ఆకు అది. అల్జీరియా దేశం కొసన, లిబియా సరిహద్దు దగ్గర, సహారా మధ్యలో అది కనిపిస్తుందని అనుకోలేదు. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా అమ్మాయి రమ ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ఒకసారి సహారా చూద్దాం" అని రెండేళ్లుగా అడుగుతోంది. దక్షిణ ఎడారి ప్రాంతాలకు వచ్చే టూరిస్టులకు 2023 నుంచి అల్జీరియాలో దిగాకే వీసా ఇస్తున్నారు. కాకపోతే అక్కడి రిజిస్టర్డ్ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. మేం మొదట మాట్లాడుకున్న ఏజెన్సీ అడ్వాన్సు తీసుకుని పలకడం మానేసింది. రెండు వారాలు టెన్షన్ పడి ఇంకొకరిని వెతుక్కున్నాం. వాళ్లు మాత్రం మాట నిలబెట్టుకున్నారు. జనవరిలో బయల్దేరాం.

అల్జీర్స్ నుంచి జానెత్‌కు గాలిలోనే సుమారు 1,500 కిలోమీటర్లు. రాత్రి విమానం. సముద్రపు ఒడ్డు ఊళ్ల దీపాలు దాటాక కింద ఏమీ లేదు, రెండు గంటలకు పైగా ఒకటే చీకటి. ఎడారి కదా అని పల్చటి బట్టలు సర్దుకున్న నన్ను, దిగగానే చలి వణికించింది. ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. జనవరి రాత్రుళ్లు ఉన్ని దుప్పటి లేకపోతే నిద్ర పట్టదు.

పొద్దున చూస్తే ఊరి తీరు తెలిసింది. మధ్యలో వంక, వంక పొడవునా ఖర్జూర తోటలు, రెండు వైపులా నల్లటి రాతి గుట్టలు. ఆ గుట్టల మీద ఎల్ మిహాన్, అజెల్లువాజ్, అజాహిల్ అనే మూడు పాత పేటలు. రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు చాలాచోట్ల పడిపోయాయి. జనం కిందికి దిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. మా సీమలో కొండకోట కింద ఊరు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తోటల్లో ఖర్జూరం నీడన కూరగాయల మడులు, మడుల మధ్య వేలెడు వెడల్పు కాలువలు. ఒక ముసలాయన అడుగు మట్టి తీసి కాలువ తెరిచాడు, మడి నిండగానే అదే మట్టితో మూశాడు. చుక్క కూడా దారి తప్పలేదు.

ఈ ఎడారి జనాన్ని టువారెగ్ అనడం బయటివాళ్లు పెట్టిన పేరట. ఇక్కడివాళ్లు తమను తాము ఇముహాగ్ అనుకుంటారు. భాష తమాహక్. మా గైడు అరవై దాటిన పెద్దాయన. తలకూ ముఖానికీ కలిపి చుట్టిన టగెల్ముస్ట్ అనే గుడ్డలోంచి కళ్లు, ముక్కు మొదలు మాత్రమే కనిపించేవి. ఇక్కడ ముఖం కప్పుకునేది మగవాళ్లు. ఆడవాళ్ల ముఖం మీద ముసుగు ఉండదు. నోరు కనబడకుండా చూసుకోవడం మగవాడికి మర్యాద. పెద్దల ముందు, అత్తగారి ముందు మరీనూ. టీ తాగేటప్పుడు కూడా ఆయన గుడ్డ అంచు కొంచెం ఎత్తి, గ్లాసు లోపలికి తీసుకుని తాగేవాడు. నాలుగు రోజులు కలిసి తిరిగినా ఆయన నవ్వును నేను కళ్లలోనే చూశాను.

మొదటి రోజు ఎల్ మిహాన్‌కూ అజెల్లువాజ్‌కూ నడుమ ఒక ఖాళీ జాగా చూపించాడు. ఏటా మొహర్రం పదో రోజున ఇక్కడ సెబీబా అనే పండుగ జరుగుతుంది. 2014లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. రెండు పేటల మగవాళ్లు యుద్ధానికి వచ్చినట్టు అలంకరించుకుని, కత్తులు పట్టుకుని ఎదురెదురుగా ఆడతారు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి డప్పులు కొడుతూ పాడతారు. ముందు రోజులన్నీ ప్రాక్టీసు. మూసా ప్రవక్తను తరిమిన ఈజిప్టు రాజు ఫిరౌను సముద్రంలో మునిగిపోయాడన్న కబురు విని, ఒకరితో ఒకరు కొట్లాడుకుంటున్న ఈ రెండు పేటలూ కత్తులు దించి పండుగ చేసుకున్నాయని కథ.

నేను ఉండబట్టలేక గూగూడు గురించి చెప్పాను. మా జిల్లాలో నార్పల దగ్గర గూగూడులో అదే మొహర్రంలో కుళ్లాయిస్వామి పీర్లు లేస్తాయి, హిందువులు, ముస్లింలు కలిసి అగ్నిగుండం తొక్కుతారు, మా అమ్మ చక్కెర చదివింపులకు నన్ను భుజాన వేసుకుని వెళ్లేది అని. రమ ఫ్రెంచ్‌లో చెప్పింది. పెద్దాయన శ్రద్ధగా విని "డప్పులు ఎవరు కొడతారు?" అని అడిగాడు. మగవాళ్లు అన్నాను. ఆయన తల ఊపాడు కానీ, అది సరైన పద్ధతి కాదన్నట్టు ఉంది ఆ ఊపు. ఇక్కడ వాద్యం ఆడవాళ్ల సొత్తు. ఒంటి తీగతో కమానుతో వాయించే ఇమ్జాద్‌ను కూడా ఆడవాళ్లే వాయిస్తారు. సగం సొరబుర్రకు తోలు బిగించి, గుర్రపు వెంట్రుకలతో తీగ కడతారు. గుడారం కూడా ఆడదానిదే. వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కపెట్టుకోవడం వీళ్ల పాత ఆచారం.

ఎడారిలో మూడు రాత్రులు గుడారాల్లో ఉన్నాం. ఎర్గ్ అద్మెర్ ఇసుక కొండల్లో బండి ఒకసారి ఇరుసు దాకా కూరుకుపోయింది. డ్రైవరు కుర్రాడు గాలి తగ్గించి, చక్రాల కింద ఇనప పలకలు వేసి అరగంటలో లాగేశాడు. ఎస్సెందిలెన్ లోయలో గంటసేపు నడిచాం. రెండు వైపులా నిటారుగా లేచిన రాతి గోడల మధ్య గన్నేరు పొదలు ఉన్నాయి, చివర ఎండ తగలని పచ్చటి నీటి గుండం ఉంది. గుండం పక్కన పెద్దాయన వంగి, దోసెడు నీళ్లు తీసుకుని "అమాన్ ఇమాన్" అన్నాడు. అమాన్ అంటే నీళ్లు, ఇమాన్ అంటే ప్రాణం. నీళ్లే ప్రాణం. ఒక్క అక్షరం తేడా.

రాత్రి రొట్టె చేయడం చూడటం నాకు ఏ ఇసుక కొండ కన్నా బాగుంది. గోధుమ రవ్వ పిండిని గట్టిగా పిసికి, రెండు వేళ్ల మందం, పెద్ద పళ్లెమంత వెడల్పు చేశాడు కుర్రాడు. మండి ఆరిన నిప్పుల్ని పక్కకు తోసి, కాలిన ఇసుకను చేత్తో చదును చేసి, రొట్టెను నేరుగా ఇసుక మీదే వేశాడు. పైన ఇంకాస్త ఇసుక, దాని మీద నిప్పులు. సగంలో ఒకసారి తీసి తిరగేశాడు. ఇసుక పళ్లలో పడుతుందేమోనని నా దిగులు. బయటికి తీశాక దాన్ని పట్టుకుని చరచరా తట్టాడు, గుడ్డతో తుడిచాడు, నీళ్లు చిలకరించి మళ్లీ రుద్దాడు. ఒక్క రేణువు మిగల్లేదు. తర్వాత అందరం కూర్చుని దాన్ని ముక్కలు ముక్కలుగా తుంచి పెద్ద గిన్నెలో వేశాం. పైన టమాటా, మేక మాంసం పులుసు. తగెల్లా అంటారు దీన్ని. ముక్క పులుసు పీల్చుకుని గొంతులోకి జారే తీరు అచ్చం మా రాగి సంకటే. రమకు చెప్తే "నువ్వు ఎక్కడికెళ్లినా సంకటే కనపడుతుంది నాన్నా" అంది. నిజమే, అంతకన్నా మంచి భోజనం నాకు తెలియదు.

తర్వాత టీ. చిన్న ఎనామెల్ కూజాలో గ్రీన్ టీ మరగనిచ్చి, పైనుంచి గ్లాసులోకి, గ్లాసు నుంచి కూజాలోకి నురగ వచ్చేదాకా పోస్తూనే ఉంటారు. అదే ఆకుకు మళ్లీ నీళ్లు, చక్కెర చేర్చి మూడు విడతలు. మూడూ తాగకుండా లేవకూడదు. మొదటిది బతుకులా చేదు, రెండోది ప్రేమలా తియ్యన, మూడోది చావులా మెత్తన అన్నాడు పెద్దాయన. ఆ మూడు గ్లాసుల నడుమ రమకు వాళ్ల లిపి చూపించాడు. తిఫినాగ్. తల్లులు పిల్లలకు ఇసుక మీద వేలితో నేర్పుతారట. రమ పేరు రాయమంటే ఒక సున్నా, పక్కన ఒక వైపు తెరిచిన పెట్టె గీశాడు. సున్నా "ర", పెట్టె "మ". పాత పద్ధతిలో మధ్య అచ్చులు రాయరు కాబట్టి రమ అయినా రామ అయినా ఒకటే రాత. పొద్దున్నకి గాలి చెరిపేసింది.

ఇక చివరి రోజు సంగతి. ఈ యాత్ర రాయాలనిపించింది దాని కోసమే.

జానెత్‌కు దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల దగ్గర్లో తెఘర్‌ఘర్త్ అనే చోటుంది. చదునైన ఇసుకలో ఒంటరిగా లేచిన రాతి గుట్ట. దాని అడుగున ఆవుల మంద చెక్కి ఉంది. సుమారు ఏడు వేల ఏళ్ల నాటిదని అంచనా. ఈ తాసిలీ పీఠభూమి అంతా ఇలాంటి బొమ్మలే, చెక్కినవీ రంగులు పూసినవీ వేలకు వేలు. 1982 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం. 1956లో ఆన్రీ లోత్ అనే ఫ్రెంచాయన చిత్రకారుల్ని వెంటబెట్టుకొచ్చి పైన కొండల్లో బొమ్మలకు నకళ్లు తీయించాడు. రంగులు తేటగా కనపడాలని రాళ్ల మీద నీళ్లు రాయడంతో చాలా బొమ్మలు వెలిసిపోయాయి. వేల ఏళ్లు నిలిచినవి అలా పాడయ్యాయంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. దారి చూపింది జెబ్రీన్ అనే టువారెగ్ గైడు. ఆయన లేకపోతే లోత్ ఆ కొండల్లో ఒక్క గుహ కూడా చేరేవాడు కాదని మా పెద్దాయన గట్టిగా చెప్పాడు.

సాయంత్రం పొద్దు వాలే వేళకు తీసుకెళ్లాడు. ఆ వెలుగులోనే చూడాలట. గీతలు వేలు పట్టేంత లోతుగా, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. పొద్దు పక్కకు వాలేకొద్దీ ఆ గాడుల్లో నీడ నిండి, రాతిలోంచి ఆవులు బయటికి వచ్చాయి. పొడుగాటి కొమ్ములు, ఒకదాని మీద ఒకటి ఒరిగిన తలలు, నీళ్ల కోసమన్నట్టు కిందికి వంగిన మూతులు. మూపురాలు లేవు, మా పశువుల్లా కాదు. బళ్లారి దగ్గర కుప్గల్ గుట్టల మీద మన కొత్తరాతి యుగపు బొమ్మల్లో చాలా ఎద్దులకు మూపురం ఉంటుంది. ఇక్కడ చెక్కినవాడు తన మందను ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తూనే ఉంది. ముట్టెల వంపు, చెవి కింద మడత, అన్నీ ఉన్నాయి. ఒక ఆవు కంటి కొసన చుక్క ఉంది. కన్నీటి చుక్క.

కథలు రెండు మూడు ఉన్నాయి. ఒకనాడు ఇదంతా పచ్చిక బయలు. పదకొండు వేల నుంచి అయిదు వేల ఏళ్ల కిందటి దాకా, భూమి తిరిగే తీరులో నిదానంగా వచ్చిన మార్పు వల్ల రుతుపవనాలు ఇంతదూరం వచ్చేవి. చెరువులు, మందలు, మనుషులు. తర్వాత వానలు వెనక్కి తగ్గాయి. మంద తోలుకుంటూ వచ్చిన కాపరి ఇక్కడ నీళ్ల చెలమ ఎండిపోయి ఉండటం చూశాడని, ఆ దుఃఖం రాతికి ఎక్కించాడని పెద్దాయన చెప్పాడు. ఎప్పుడైనా వాన పడితే రాతి మొదట్లో నీళ్లు నిలిచి, ఆవులు తాగుతున్నట్టే ఉంటుందట.

నేను అక్కడ ఇసుకలో కూర్చుండిపోయాను. పశువు కంటి కింద నీటి చార నాకు తెలుసు. ఎండిన చార మీద ఈగలు వాలడం తెలుసు.

2002లో మా ఊళ్లో వానలు పడలేదు. వేరుశెనగ మొలక దశలోనే మాడింది, బోరు ఎండిపోయింది, గడ్డి బంగారమైంది. ఇంట్లో మిగిలిన ఆవును సంతకు తోలాను. అమ్మిన పశువుతో పాటు పలుపు ఇవ్వకూడదు, కొన్నవాడే కొత్త పలుపు తెచ్చుకుంటాడు. మెడలోంచి పలుపు విప్పుతుంటే అది నా చేతిని నాకింది. ఆ పలుపు ఇంటికి తెస్తే మా అమ్మ ఏమీ అనకుండా ఖాళీ గాడి పక్కన గుంజకు వేలాడదీసింది. మళ్లీ పశువును కొనలేదు. అమ్మ పోయేదాకా పలుపు ఆ గుంజకే ఉంది.

రమ అప్పుడు అయిదేళ్లది. ఆవు ఎక్కడికి పోయిందని అడిగితే మేతకు పోయిందని చెప్పాం. ఇన్నాళ్లకు, ఆ రాతి ముందు, నిజం చెప్పాను. తను కాసేపు ఊరుకుని, పెద్దాయనకు నా మాటలన్నీ ఫ్రెంచ్‌లో చెప్పింది. మధ్యలో రెండుసార్లు గొంతు ఆగింది.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాళ్లమ్మది నైజర్ వైపు అయీర్ కొండలు. 1973 కరువులో మంద మొత్తం పోయింది. ఒంటెలు, మేకలు, చివరికి గాడిదలు కూడా. మిగిలిన మనుషులు ఉత్తరానికి నడిచి జానెత్ చేరారు. తనకు అప్పుడు పదేళ్లు. ఒక్కో జంతువుకూ పేరుండేదట. వాళ్లమ్మ పెద్దతనంలో కూడా నిద్రలో ఆ పేర్లు పిలిచేదట.

పొద్దు గుంకింది. గాడుల్లోని నీడ చెదిరి ఆవులు మళ్లీ రాయిలో కలిసిపోయాయి. లేచేముందు పెద్దాయన ఏదో అడిగాడు.

"మీ ఆవు పేరేంటని అడుగుతున్నారు నాన్నా" అంది రమ.

"గౌరి."

"గోరీ" అన్నాడాయన. సరిగా పలికానా అన్నట్టు నా వైపు చూశాడు. నేను మళ్లీ చెప్పాను. "గౌరి" అన్నాడు ఈసారి. అని, చేతికంటిన ఇసుక దులుపుకుని, టీకి నిప్పు రాజెయ్యడానికి బండి వైపు నడిచాడు.